ఎదిగే వయసులో తిండి మార్చడం – మూడో పాఠం: సాయంత్రం ఆకలి

ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉందని తేలిన పిల్లల అమ్మానాన్నల కోసం ఈ పాఠాలు. మొదటి పాఠంలో పిల్లల రక్తపరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. రక్తంలోని చక్కెరను ఒంటికి అందించే హార్మోన్ ఇన్సులిన్. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే ఒంట్లో ఇన్సులిన్ లేకపోవడం కాదని, ఉన్న ఇన్సులిన్ మాటను కండరాలూ కాలేయమూ సరిగా వినకపోవడమని, అందుకే క్లోమం రోజురోజుకీ ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాల్సి వస్తుందని చెప్పుకున్నాం. రెండో పాఠంలో పొద్దున టిఫిను సరిచేశాం. ఐదు ఇడ్లీలు మూడయ్యాయి, పక్కన గుడ్డు చేరింది. ఈ పాఠం స్కూలు నుంచి వచ్చాక రాత్రి భోజనం దాకా ఉండే మూడు గంటల గురించి. మా ఇంట్లో పొద్దున్నుంచీ పడిన కష్టమంతా ఈ మూడు గంటల్లోనే పోయేది. అందుకే దీనికి ఒక పాఠం మొత్తం ఇస్తున్నాను.

ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్న మా అబ్బాయికి పదిహేనేళ్లు. నాలుగున్నరకు ఇంటికి వస్తాడు, ఆరింటికి ట్యూషన్. బ్యాగు సోఫాలో పడేసి నేరుగా వంటింటి అలమర తెరిచేవాడు. బిస్కెట్ ప్యాకెట్ నిలబడే అయిపోయేది. తర్వాత నూడుల్స్. ట్యూషన్‌కి వెళ్లే దారిలో స్నేహితులతో బజ్జీల బండి. నేను వెనక నుంచి "మళ్లీనా? డాక్టరు ఏం చెప్పారు?" అనేదాన్ని. వాడు మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. కొన్నాళ్లకు అలమరలో ప్యాకెట్లు తగ్గడం మానేశాయి. మారాడని సంతోషపడ్డాను. ఒకరోజు పరుపు ఎత్తితే కింద ఖాళీ కవర్లు కనిపించాయి. కోపం రాలేదు, భయం వేసింది. దాచుకుని తినే పరిస్థితి నా మాటలే తెచ్చాయి.

అంతకు ముందు ఏడాది ఇంకో తప్పు చేశాను. వాడి మెడ వెనక నల్లబడితే మట్టి అనుకుని సున్నిపిండితో చర్మం మండేదాకా రుద్దాను. సరిగ్గా స్నానం చేయవా అని చుట్టాల ముందే అడిగాను. ఆ నలుపు మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే మెడ దగ్గర, చంకల్లో చర్మం మందమై నల్లబడుతుంది. రుద్దితే పోదు. లోపల ఇన్సులిన్ తగ్గితే నెలల మీద నెమ్మదిగా పలచబడుతుంది. ఆ సంగతి తెలిశాక వాడి దగ్గర కూర్చుని "నాన్నా, నాకు తెలియక నిన్ను బాధపెట్టాను" అన్నాను. వాడు ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రి నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటిది జరిగి ఉంటే ఈ పాఠంలో మొదటి పని అదే. క్షమాపణ అడగకుండా వంటింట్లో ఏం మార్చినా పిల్లలు దాన్ని శిక్షగానే చూస్తారు.

ఇంకో నిజం కూడా వాళ్లకు చెప్పండి. యుక్తవయసులో ఎదుగుదల హార్మోన్ల వల్ల పిల్లలందరిలోనూ ఇన్సులిన్ పని కొంత మందగిస్తుంది. చాలామందిలో ఎదుగుదల పూర్తయ్యాక సర్దుకుంటుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నా, బరువు తోడైనా అంత తేలిగ్గా సర్దుకోకపోవచ్చు. మా మామగారికి షుగర్ ఉంది, నాకు కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది. ఇందులో పిల్లాడి తిండిపోతుతనం ఏముంది?

ఇక ఆకలి సంగతి. సాయంత్రం ఆకలిని సాయంత్రం మాత్రమే చూస్తే అర్థం కాదు, మధ్యాహ్నం బాక్సు తెరిచి చూడాలి. మా వాడి బాక్సులో ఏముండేది? డబ్బా నిండా తెల్లన్నం, రెండు గరిటెల సాంబారు, బంగాళదుంప వేపుడు. అంటే అన్నంలో దుంప నంజుకోవడమే. అది త్వరగా చక్కెరై రక్తంలోకి వస్తుంది. దాన్ని సర్దడానికి ఇన్సులిన్ వరదలా వస్తుంది. మూడు, నాలుగు గంటలు తిరక్కముందే మళ్లీ కడుపు ఖాళీ. అప్పుడు ఆ పిల్లాడికి బిస్కెట్లు కనిపించకపోతే ఇంకేం కనిపిస్తాయి?

బాక్సును ఇలా మార్చాను. అన్నం సగం డబ్బా. మిగతా సగంలో పావు కూర, అది దొండకాయో, బీరకాయో, చిక్కుడో. ఇంకో పావు పప్పు గట్టిగా, లేదా ఉడికించిన గుడ్లు రెండు. ఒక్కో గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి కానాగంతలు తెచ్చిన వారం సోమవారం బాక్సులో చేప వేపుడు ముక్కలు కూడా వెళ్తాయి. వాసన వస్తుందని మొదట వద్దన్నాడు, ఇప్పుడు స్నేహితులు పంచుకుంటున్నారట. ముందు కూర, గుడ్డు తిని తర్వాత అన్నం తినమన్నాను. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులోకి వెళ్తే వెనక వచ్చే అన్నం నెమ్మదిగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారి ఎగరదు. వండేదీ కొనేదీ ఏమీ ఉండదు, వరస మార్చడమే.

ఇప్పుడు నాలుగున్నర. వాడు తలుపు తీసేసరికి బల్ల మీద తినడానికి ఏదో ఒకటి ఉండాలి. చేసి పెడతాను ఆగు అంటే ఆగరు, ఆ ఆకలి అలాంటిది. నాకు బాగా పనికొచ్చింది గుగ్గిళ్లు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు నల్లశనగలో, బొబ్బర్లో, ఉలవలో నానేస్తాను. పొద్దున వంటతో పాటే ఉప్పు వేసి కుక్కర్‌లో పెడతాను. శనగలకు ఐదు విజిల్స్ పడతాయి, బొబ్బర్లకు మూడు చాలు. సాయంత్రం ఒక చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి తిప్పితే ఐదు నిమిషాల పని. పైన కొంచెం కొబ్బరి కోరు, నిమ్మరసం.

రోజూ గుగ్గిళ్లే అంటే మా వాడు నాలుగో రోజుకే మొహం తిప్పుకున్నాడు. అప్పుడు బీచ్ రోడ్డు గుర్తొచ్చింది. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తినకుండా పెరిగిన పిల్లలు మన విశాఖలో ఉండరు. దాన్నే ఇంట్లో తిరగేసి చేశాం. బండి మీద మరమరాలు ఎక్కువ, పల్లీలు తక్కువ. మనం ఉడికిన శనగలు రెండు గుప్పెళ్లు, వేపిన పల్లీలు అర గుప్పెడు, ఉల్లిపాయ, టమాటా, కీరా, కొత్తిమీర బోలెడంత, మరమరాలు ఒక్క గుప్పెడు. కారం, నిమ్మకాయ వాడే పిండుకుంటాడు. కలపడం వాడి పనే. తన చేత్తో కలుపుకున్న దానికి పేర్లు పెట్టడం మానేశాడు.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది: చోడి జావ, అదే రాగి జావ, మంచిదే కదా? చోళ్లు మంచివే, నాకూ ఇష్టం. కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి బెల్లం వేస్తే అది త్వరగా అరిగిపోతుంది, గ్లాసు తాగినా ఆకలి తీరదు. బెల్లం వదిలేసి, మజ్జిగ కలిపి, పక్కన పల్లీలు పెట్టి ఇవ్వండి. అనకాపల్లి బెల్లం అంటే మనందరికీ గర్వమే, కానీ రక్తంలోకి వెళ్లాక బెల్లానికీ చక్కెరకూ తేడా బహు తక్కువ. పండు కావాలంటే జామకాయ కొరుక్కుని తినాలి, జ్యూస్ తీసి కాదు. కూల్‌డ్రింకులు మా ఇంట్లోకి రావడం ఆగిపోయాయి. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆరు చెంచాల చక్కెర గ్లాసులో పోసి మా వాడికి చూపించాను. పక్కనే మా ఆయన కూడా చూశారు. ఇద్దరూ ఒకేరోజు మానేశారు.

అదే అసలు సంగతి. బిస్కెట్లు వాడికి మాత్రమే బంద్ చేసి, చెల్లికి డబ్బా వేరే దాచిపెడితే ఈ పాఠం పనిచేయదు. సన్నగా ఉన్న చెల్లి కూడా గుగ్గిళ్లే తింటుంది, నేనూ అదే. మా అత్తగారిని ఒప్పించడానికి మాత్రం నెల పట్టింది. "ఎదిగే పిల్లాడే, వాడి నోరు కట్టేస్తారేంటమ్మా" అని జంతికలు చేతిలో పెట్టేవారు. ఆవిడ ప్రేమను తప్పుపట్టలేను. ఒకరోజు వాడి రిపోర్టు, మామగారి పాత రిపోర్టు పక్కపక్కన పెట్టి చదివి వినిపించాను. ఆ తర్వాత ఉలవలు నానేసే బాధ్యత ఆవిడే తీసుకున్నారు. ఇప్పుడు నేను మరిచిపోయినా ఆవిడ మరవరు.

బజ్జీల బండి సంగతి మిగిలింది. దాన్ని నేను మానిపించలేదు. స్నేహితులంతా తింటుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడమని పదిహేనేళ్ల పిల్లాడికి ఎలా చెప్తాం? వాడినే అడిగాను: "వారంలో ఎన్ని రోజులు చాలు?" రెండు అన్నాడు. ఏ రోజులో కూడా వాడే చెప్పాడు. నేను ఒకటి అందామనుకున్నాను, కానీ రెండుకే ఒప్పుకున్నాను, ఎందుకంటే అది వాడి మాట. ఇంటి నుంచి గుగ్గిళ్లు తిని వెళ్తే బండి దగ్గర ఎనిమిది తినేవాడు మూడింటితో ఆగుతున్నాడు. ఆ రెండు రోజుల గురించి నేను అడగను, లెక్క చూడను. దాచాల్సిన అవసరం పోయింది.

తిన్నాక ఒక పని. ట్యూషన్‌కి స్కూటీ మీద దింపడం మానేశాను, నడిచి వెళ్తున్నాడు. పదిహేను నిమిషాలు. కండరాలు కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. ఇన్సులిన్ మాట వినని ఒంటికి ఇంతకన్నా దగ్గర దారి లేదు. ఈ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పదిహేను అక్కడే వచ్చేశాయి. ఎంవీపీ కాలనీ మిట్ట ఎక్కి దిగే పిల్లలకు అది మంచి వ్యాయామమే.

జాగ్రత్త ఒకటి. ఎదిగే పిల్లలను పస్తులు పెట్టకండి, అన్నం పూర్తిగా మానిపించకండి, రోజూ బరువు తూచకండి. పిల్లలు పూటలు దాటేస్తున్నా, తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి వాంతి చేసుకుంటున్నట్టు అనిపించినా ఆహార మార్పులన్నీ ఆపి డాక్టరుకు చెప్పండి. షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టరును అడగకుండా ఈ మార్పులు మొదలుపెట్టవద్దు.

ఈ వారం పని: మూడు రోజులపాటు మీ పిల్లలు సాయంత్రం ఏం తిన్నారో రాయండి. మీరు కాదు, వాళ్లే రాయాలి, మీరు ఏ వ్యాఖ్యా చేయకూడదు. పక్కన ఆ రోజు మధ్యాహ్నం బాక్సులో ఏముందో మీరు రాయండి. నాలుగో రోజు ఇద్దరూ కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ రోజు ఆకలి ఎక్కువైందో, ఆ రోజు బాక్సులో ఏం తక్కువైందో వాళ్లనే చెప్పమనండి. తర్వాత బాక్సులో ఒక్కటి మార్చండి, ఒక్కటే. ఏది మార్చాలో వాళ్లు ఎంచుకోవాలి.

వచ్చే పాఠం నిద్ర గురించి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసిన పిల్లలకు మర్నాడు తీపి మీద మనసు ఎందుకు లాగుతుందో, ఆ ఫోన్‌ను గొడవ లేకుండా పడకగది బయట పెట్టించడం ఎలాగో చూద్దాం. ఆ కాగితాలు పారేయకండి, నాలుగో పాఠంలో మళ్లీ కావాలి.