మార్కెటింగ్‌కి ఇద్దరే ఉన్నప్పుడు పచ్చళ్ళ వ్యాపారం నడపడం ఎలా?

పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు అమ్మే చిన్న వ్యాపారాల్లో మార్కెటింగ్ టీమ్ అంటే చాలాచోట్ల ఇద్దరే. ఒకరు ఫొటోలు తీసి మెసేజ్‌లు పెడతారు, ఇంకొకరు ఫోన్లు ఎత్తుతారు, ఆర్డర్లు ఎక్కువైన రోజు ఇద్దరూ వెళ్ళి ప్యాకింగ్‌లో కూర్చుంటారు. ఇలాంటి వాళ్ళతో నేను ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఎక్కడ చూసినా ఇదే వరస: ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్, ఒక వెబ్‌సైట్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం, రెండు నెలలకి అన్నీ సగంలో వదిలేయడం, చివరికి "మాకు బడ్జెట్ లేదండీ" అనడం. డబ్బు కంటే ముందు వీళ్ళకి కరువయ్యేది టైము. ఆ టైములో ఎక్కువ భాగం ఇప్పటికే ఒకసారి కొన్నవాళ్ళ మీద పెట్టండి. మీ ఆవకాయ రుచి తెలిసిన మనిషికి మళ్ళీ అమ్మడానికి ఒక మంచి మెసేజ్ చాలు.

కావలసినవి: వ్యాపారానికి విడిగా ఒక ఫోన్, ఒక సిమ్, వాట్సాప్ బిజినెస్ యాప్, ఒక గూగుల్ షీట్. ఉద్యోగి సొంత నంబరు మీద మాత్రం నడపకండి, ఆ మనిషి మానేసిన రోజు కస్టమర్లు కూడా ఆ ఫోన్‌లోనే వెళ్ళిపోతారు. కెమెరా, లైట్లు కొనక్కర్లేదు. పొద్దున పూట కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో తీసిన సీసా ఫొటో బ్రహ్మాండంగా ఉంటుంది.

గూగుల్‌లో, మ్యాప్స్‌లో వెతికినవాళ్ళకి మీ షాపు వివరాలు కనిపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఒక పూట కూర్చుని పూర్తి చేసేయండి. అది ఉచితం. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కడితే మిమ్మల్ని పైన చూపిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. గూగుల్ ప్రకటనలు అమ్ముతుంది గానీ, మామూలు ఫలితాల్లో పై చోటు అమ్మదు.

ఏం మానేయాలో ముందు తేల్చుకోండి

పండగ శుభాకాంక్షల పోస్టర్లు మానేయండి. ఉగాది, సంక్రాంతి, దీపావళి అంటూ ఒక మామిడాకుల తోరణం, కింద మీ లోగో. వాటి మీద నెలకి రెండు మూడు రోజులు పోతాయి. ఆ పోస్టర్ చూసి సీసా కొన్న మనిషిని నాకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు. ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఉచితంగా డబ్బాలు పంపడం కూడా మానేయండి. ఒక సోషల్ మీడియా చాలు, అది ఇన్‌స్టా అయినా ఫేస్‌బుక్ అయినా సరే, వారానికి రెండు వీడియోలు. కారం జల్లించడం, కాయ కొట్టడం, మూడో రోజు తిరగకలపడం, ఇవే తీయండి. జనం చూసేది ఇవే.

తర్వాత గోడకి ఒక తెలుగు క్యాలెండర్ తగిలించండి. మార్కెటింగ్ ప్లాన్ అంటే మన దగ్గర అదే. ఏప్రిల్, మే ఆవకాయ, మాగాయ. జులై, ఆగస్టు వచ్చేసరికి అమెరికా చదువులకి వెళ్ళే పిల్లల తల్లులు పొడులు, పచ్చళ్ళు లీకవకుండా ప్యాక్ చేసి ఇమ్మంటారు, జూన్ నెలాఖరుకే వాళ్ళకి కబురు అందాలి. డిసెంబరు, జనవరిలో అరిసెలు, జంతికలు. పట్టుచీరల షాపు వాళ్ళయితే మూఢం ఎప్పుడో చూసుకోకుండా పెళ్ళిబట్టల ప్రకటనకి రూపాయి కూడా పెట్టకూడదు. బయట ఏజెన్సీ వాళ్ళు తెచ్చే రెడీమేడ్ కంటెంట్ క్యాలెండర్లలో ఈ సంగతులేవీ ఉండవు, వాళ్ళ దగ్గర వాలెంటైన్స్ డే ఉంటుంది.

షీట్‌లో ఆరు కాలమ్‌లు పెట్టండి: పేరు, నంబరు, ఊరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏమన్నారు. అంతకంటే ఎక్కువ పెడితే ఎవరూ నింపరు. ఆర్డర్ ప్యాక్ అయిన రోజే రాయాలి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే: బ్రాడ్‌కాస్ట్ మెసేజ్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా, ఒకేసారి పంపే వాట్సాప్ లిస్టు. ఒక్కో లిస్టులో 256 మంది పడతారు. కానీ మీ నంబరు తన ఫోన్‌లో సేవ్ చేసుకున్న మనిషికే ఆ మెసేజ్ చేరుతుంది. మిగతావాళ్ళకి అసలు వెళ్ళదు. ఈ సంగతి తెలియక వందల నంబర్లు లిస్టులో కుక్కేసి, మెసేజ్ కొట్టి, ఆర్డర్లు రాలేదని నీరసపడిపోతారు. కాబట్టి అసలు పని మెసేజ్ రాయడానికి చాలా ముందే మొదలవ్వాలి. సీసాతో పాటు వెళ్ళే చీటీ మీద పెద్ద అక్షరాల్లో ఇలా వేయించండి: "ఈ నంబరు సేవ్ చేసుకోండి. కొత్త ఆవకాయ కలిపిన రోజు మీకే ముందు చెప్తాం." ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చినవాళ్ళకి నోటితో చెప్పండి. "అమ్మా, సేవ్ చేసుకుంటేనే మెసేజ్ వస్తుంది, లేకపోతే రాదు" అని ఉన్నదున్నట్టు చెప్తే చాలామంది అక్కడే సేవ్ చేసుకుంటారు.

అడగనివాళ్ళని లిస్టులో పెట్టొద్దు. డబ్బిచ్చి కొన్న నంబర్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి తీసిన నంబర్లు, పెళ్ళిలో ఎవరో ఇచ్చిన నంబర్లు, ఏవీ వద్దు. చిరాకుపడినవాళ్ళు బ్లాక్ చేసి రిపోర్ట్ కొడతారు, అలాంటివి పెరిగితే వాట్సాప్ మీ నంబరునే ఆపేస్తుంది. సీసాల మీద అచ్చేసిన నంబరు అది! సీజన్ మధ్యలో అది పోతే ఇంకేం చేయగలరు? వేలమందికి ఒకేసారి పంపొచ్చని జీబీ వాట్సాప్ లాంటి అనధికార యాప్‌లు ఎక్కించుకోవద్దు, వాటివల్ల కూడా మీ నంబరుకి బ్యాన్ పడుతుంది.

లిస్టుని కొన్న సరుకుని బట్టి విడగొట్టండి. శాకాహార పచ్చళ్ళ వాళ్ళు వేరు, నాన్‌వెజ్ పచ్చళ్ళ వాళ్ళు వేరు. ఇది చేయకపోతే ఏమవుతుందంటే, ఉల్లిపాయ కూడా ముట్టని ఇంటికి తొలి ఏకాదశి పొద్దున్నే రొయ్యల పచ్చడి ఫొటో వెళ్తుంది. ఆ ఇంటివాళ్ళు గొడవేం పెట్టరు, మౌనంగా బ్లాక్ చేస్తారు, మళ్ళీ కొనరు.

మెసేజ్‌లో ఒకే సరుకు గురించి చెప్పాలి. ధర ఉండాలి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది, అడగడానికి మొహమాటపడే కస్టమర్లు సగంమంది అక్కడే ఆగిపోతారు. వివరాలన్నీ ఫొటో మీద అచ్చేయకుండా కింద అక్షరాల్లో టైపు చేయండి, పెద్దవాళ్ళు ఫొటో పెద్దది చేసుకుని చదవరు. ఇదిగో, ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండీ. ఈ గురువారం ఆవకాయ కలుపుతున్నాం. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ, గుంటూరు కారం, గానుగ నువ్వుల నూనె. కిలో ఇంత, అరకిలో ఇంత, కొరియర్ అదనం. ఉప్పు, కారం తగ్గించి కావాలంటే బుధవారం లోపల చెప్పండి. ఎన్ని కిలోలో రాస్తే చాలు, మిగతాది మేం ఫోన్ చేసి మాట్లాడతాం. ఇలాంటి మెసేజ్‌లు వద్దంటే 'వద్దు' అని పంపండి."

ఆ చివరి వాక్యం తీసేయాలని అందరికీ ఉంటుంది. తీయకండి. "వద్దు" అని పంపడానికి దారి ఉంటే బ్లాక్ చేయాల్సిన అవసరం రాదు. అలా పంపినవాళ్ళని ఆ రోజే లిస్టులోంచి తీసేయాలి.

పంపే ముందు ఇంట్లో ఇంకో ఫోన్‌కి పంపి చూడండి, ధర మీద వేలు పెట్టి చదవండి. రెండొందల మందికి తప్పు ధర వెళ్తే ఒక్కొక్కరికీ సర్దిచెప్పుకుంటూ కూర్చోవాలి. టైము ఉదయం 11 గంటలు. వంట అయిపోయి ఆడవాళ్ళు ఫోన్ చూసే వేళ అది. రాత్రి పూట పంపొద్దు. నెలలో మొదటి పది రోజుల్లోనే పంపాలి, జీతాలు పడి ఉంటాయి. నెలకి రెండుకి మించి వద్దు.

ఇంకొకటి, అన్ని లిస్టులకీ ఒకే రోజు పంపకండి. ఇవాళ ఒక లిస్టు, రేపు ఇంకోటి. ఉన్నది ఇద్దరు, ఒకేసారి ఎనభై మంది జవాబిస్తే సాయంత్రానికి సగంమందికి బదులు వెళ్ళదు. గంటలో బదులు రాకపోతే ఆ ఆర్డర్ పక్క షాపుకి పోయినట్టే లెక్క.

మిగతాది తేలికే

పదేపదే అడిగే ప్రశ్నలు (ఎన్నాళ్ళు నిలవుంటుంది, హైదరాబాద్‌కి ఎన్ని రోజులు, వెల్లుల్లి లేనిది ఉందా) యాప్‌లో క్విక్ రిప్లైలుగా, అంటే ముందే రాసి ఉంచుకున్న జవాబులుగా పెట్టుకోండి. ఆర్డర్ల చాట్‌లకి తగిలించే గుర్తులు, అంటే లేబుల్స్, మూడు చాలు: డబ్బు రావాలి, పంపాలి, పంపేశాం.

ప్రకటనలకి డబ్బు మిగిలితే పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ జోలికి పోకండి. ఫేస్‌బుక్ ప్రకటనలు పెట్టే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళి, వాట్సాప్‌కి మెసేజ్ వచ్చే రకం ప్రకటన ఒక్కటే పెట్టండి. కొంచెం డబ్బుని ఐదు ప్రకటనలకి పంచితే ఏదీ నిలదొక్కుకోదు. ఫేస్‌బుక్ సిస్టమ్ ఎవరికి చూపించాలో నేర్చుకోవడానికే ఒక ప్రకటనకి వారంలో 50 ఫలితాల దాకా కావాలంటుంది, మీరు రోజూ వేలు పెట్టి మారుస్తుంటే ఆ నేర్చుకోవడం మళ్ళీ మొదటికొస్తుంది. వారం రోజులు కదిలించకండి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కలో వేసుకోండి.

శనివారం సాయంత్రం ఇద్దరూ షీట్ ముందు కూర్చోండి. లైకులు, ఫాలోయర్లు లెక్కపెట్టొద్దు. కొత్తవాళ్ళు ఎంతమంది, మళ్ళీ కొన్నవాళ్ళు ఎంతమంది, ఈ రెండే చూడండి. తర్వాత ఆర్నెల్లుగా ఏమీ కొననివాళ్ళలో పదిమందికి ఫోన్ చేయండి. అమ్మడానికి చూడకండి. "పోయినసారి పచ్చడి ఎలా ఉందండీ?" అని అడిగి, వాళ్ళ మాటల్లోనే చివరి కాలమ్‌లో రాయండి. ఉప్పెక్కువైందని ఇద్దరు అన్నారంటే, సోమవారం మళ్ళీ కలపకముందే పచ్చడి కలిపేవాళ్ళకి ఆ మాట చేరాలి.