రద్దీ మొదలవకముందే మీ మెసేజ్ రిప్లైలను పరీక్షించండి

అపాయింట్‌మెంట్లు కిటకిటలాడే రోజుల్లో కస్టమర్లకు వెళ్లే రిమైండర్ మెసేజ్‌ల సెట్టింగ్‌లు సరిచేద్దామంటే కుదరదు. కనీసం వారం ముందే మీ సొంత నంబర్‌కి ఒక బుకింగ్ పెట్టుకుని, వచ్చిన రిమైండర్‌కి చిరాకు కస్టమర్‌లా రకరకాల రిప్లైలు కొట్టి చూడండి.

ముందు, రిప్లై అసలు వెళ్తోందా? పంపినవారి చోట నంబర్ బదులు వ్యాపారం పేరు కనిపించే మెసేజ్‌లకు మామూలుగా రిప్లై ఇవ్వడం కుదరదు. అలాంటిదాంట్లో "రాలేకపోతే 2 పంపండి" అని రాస్తే కస్టమర్ తిట్టుకోవడం తప్ప మీకేమీ చేరదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు 'క్యాన్సిల్' అనే మాట. కొన్ని మెసేజ్ సర్వీసులు ఇంగ్లిష్‌లో వచ్చే స్టాప్‌తో పాటు క్యాన్సిల్, ఎండ్ లాంటి మాటలను కూడా "ఇక నాకు మెసేజ్‌లు వద్దు" అనే అర్థంలో తీసుకుంటాయి. రేపటి అపాయింట్‌మెంట్ వద్దన్న మనిషికి ఆపైన ఏ రిమైండరూ వెళ్లదు. మీకేమో ఆయన మళ్లీ ఎందుకు రాలేదో అంతు చిక్కదు. మీ సర్వీసులో అలాంటి మాటలేవో అడిగి తెలుసుకోండి. నన్నడిగితే అంకెలే మేలు: వస్తే 1, రాలేకపోతే 2, టైమ్ మార్చాలంటే 3.

అంకెలతోనూ ఒక తంటా ఉంది. సాధారణ ఎస్ఎంఎస్‌లో వచ్చిన రిప్లై ఏ మెసేజ్‌కి జవాబో చెప్పదు. ఒక తల్లి తన నంబర్ మీదే ఇద్దరు పిల్లలకు బుక్ చేసింది, రెండు రిమైండర్లు వెళ్లాయి, తిరిగి ఉత్త '2' వచ్చింది. ఏ పిల్లాడిది తీసేయాలి? ఒకదానికి జవాబు వచ్చాకే రెండోది పంపండి, లేదా ఒకే మెసేజ్‌లో ఇద్దరినీ కలిపి అడగండి.

తెలుగులో పంపేవాళ్లు పొడవు చూసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 పడితే, తెలుగులో 70 మాత్రమే. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం 6గా లెక్కకొస్తుంది. ఇంగ్లిష్ మెసేజ్ చివర ముచ్చటగా ఒక ఎమోజీ పెట్టినా 160 కాస్తా 70 అయిపోతుంది, అది దాటితే ఒకటికి మించి మెసేజ్‌లుగా లెక్కకొచ్చి బిల్లు పెరుగుతుంది.

"వస్తాను కానీ అరగంట లేటు" లాంటి జవాబులు మెషీన్‌కి వదలకండి. వాటిని రోజుకు రెండుసార్లైనా ఒక మనిషి చదవాలి. ఆ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించండి.

రిప్లై రాలేదని స్లాట్ వేరేవాళ్లకు ఇచ్చేయడం మాత్రం వద్దు. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే మెసేజ్ గంటల తర్వాత చేరొచ్చు. చేరినట్టు రిపోర్ట్ వచ్చినా చదివినట్టు కాదు. జవాబు లేనివాళ్లకు ఒక ఫోన్ కాల్ చేయండి. మెసేజ్‌కి గడువు (అది దాటాక ఇక చేరదు) పెట్టే వీలుంటే అపాయింట్‌మెంట్ టైమ్‌కే ముగిసేలా పెట్టండి, లేకపోతే వచ్చి వెళ్లిన మనిషికి రాత్రి "రేపు వస్తున్నారా?" అని వెళ్తుంది.