పొట్ట చిన్నదైంది, మరి తిండి యావ?

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీలో పొట్టను సుమారు 75-80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను కూడా బాగా తగ్గుతుంది. అయినా సాయంత్రం టీ వేళకి చెయ్యి మిక్చర్ డబ్బా మీదికే పోతుంది. ఆపరేషనైన ఏడాదికి నాకూ ఇదే మొదలైంది.

నాకు పనికొచ్చింది ఒకటే. తినాలనిపించగానే "ఇప్పుడు ఉడికించిన గుడ్డు పెడితే తింటానా?" అని నన్ను నేను అడుగుతాను. తింటాననిపిస్తే అది నిజం ఆకలే. గుడ్డో, పనీరో, చిన్న పెసరట్టు ముక్కో నెమ్మదిగా నమిలి తింటాను. గుడ్డు వద్దు, జంతికలే కావాలంటే అది మనసు యావ. వెంటనే వంటింట్లోంచి బయటపడి పావుగంట డాబా మీద నడుస్తాను. చాలాసార్లు అంతటితో దిగిపోతుంది.

జంతికలు, చిప్స్, ఐస్‌క్రీమ్ చిన్న పొట్టలోంచి కూడా ఇట్టే జారిపోతాయి, ఎంత తిన్నా నిండినట్టుండదు. టీతో కలిపి తింటే మరీను. అందుకే తిన్నాక అరగంట దాకా ఏమీ తాగకండి.

ఇంకో సంగతి. కొందరికి తిండి వదిలిన చోట మద్యం అలవాటవుతుంది, గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికే చేసే ఇంకో పొట్ట ఆపరేషన్) తర్వాత అది మరీ త్వరగా ఎక్కుతుంది. చాటుగా తినడం, తిన్నాక ఏడవడం జరుగుతుంటే సిగ్గుపడకండి, మీ సర్జన్‌కి చెప్పి సైకాలజిస్టును కలవండి.