ప్రహరీ గోడకు మొరం ఆనించారా? వానలు ముదరక ముందే తీయించండి

మొన్న ఒక్క వానకే మా వెనక వీధిలో ప్రహరీ గోడ రోడ్డు మీదికి పడింది. రాత్రి పూట కాబట్టి సరిపోయింది. పొద్దున అక్కడే పిల్లలు స్కూల్ బస్సు కోసం నిలబడతారు. 2024 మేలో హైదరాబాద్ బాచుపల్లిలో వానకు రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) కూలి 7 మంది చనిపోయారు. అయినా మనకు పట్టింపు లేదు.

పాత గోడలు, చెట్ల వేర్లు, కరెంటు స్తంభాల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: ప్రహరీ గోడకు మట్టి ఆనించకండి.

2023 జూలై వరదకు మా వరంగల్‌లో నయీంనగర్, హంటర్ రోడ్డు మునిగాక చాలామంది ప్లాట్లు ఎత్తు లేపుతున్నారు. మొరం పోయించి, దాన్ని ఆపే పని ఉన్న ప్రహరీకే అప్పగిస్తున్నారు. ఆ గోడ కట్టింది మేకలకు, దొంగలకు అడ్డంగా. ఇటుక గోడ పైనుంచి వచ్చే బరువును బాగానే మోస్తుంది. పక్క నుంచి తోస్తే మాత్రం వంగాలి, వంగితే ఒకవైపు సాగాలి. ఇటుక కట్టుబడి సాగదు, పగులుతుంది. ఆ పగులు వచ్చేది అడుగున, మట్టి వైపు. పైన మొరం ఉంటుంది కాబట్టి మనకు కనపడదు.

మట్టి ఎత్తు రెండింతలైతే తోపుడు నాలుగింతలు, గోడను అడుగు దగ్గర వంచే బలం ఎనిమిదింతలు. మూడడుగులకు ఆగింది కదా అని ఆరడుగులు పోయడం అందుకే ప్రమాదం. 4½ అంగుళాల గోడైతే వంపును తట్టుకునే శక్తి 9 అంగుళాల గోడలో నాలుగో వంతే. పైగా వెనక నీళ్లు నిలిస్తే తోపుడు పొడి మట్టికి రెండింతలు దాటుతుంది. "రెండు ఎండాకాలాలు ఆగింది సార్" అనే మేస్త్రీ మాటకు విలువ లేదు. ఖిలా వరంగల్ రాతి గోడ వెనక మట్టికట్ట లేదా అని ఒకాయన వాదించాడు. ఆ బండల మందం చూసొచ్చి మాట్లాడమన్నాను.

ప్లాటు లేపక తప్పదంటే ఇంజనీరుతో డ్రాయింగ్ గీయించి వేరే ఆర్‌సీసీ గోడ కట్టించండి. అందులో అసలు ఇనుము మట్టి వైపు ఉండాలి, వంగినప్పుడు సాగేది ఆ వైపే. అడుగున నీళ్లు పోవడానికి పైపులు, వాటి వెనక కంకర.

ఇప్పటికే మొరం ఆనించి ఉంటే వెనక్కి లాగించండి. మట్టి వైపు నుంచే తవ్వాలి, అవతల ఎవరూ ఉండొద్దు. తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూడండి. రెండు పిల్లర్ల మధ్య గోడ బయటికి ఉబ్బితే ఆ పక్క దారి మూసేయండి. ఉబ్బిన గోడకు కన్నాలు కొట్టొద్దు. కర్రల పోటు పెట్టి ఊరుకోవద్దు. పగుళ్ల మీద ప్లాస్టరింగ్ చేయించొద్దు. ఇసుక, కంకర కుప్పలు కూడా గోడకు ఆనించొద్దు, అదీ మట్టే. పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతుంటే ముందు వెళ్లి అడ్డుకోండి, గొడవైనా సరే. కూలీల గుడిసెలు గోడ కింద వేయనివ్వొద్దు. బండి గోడ పక్కన ఆపొద్దు. ప్రహరీ గోడకు మట్టి ఆనించొద్దు.