తొలకరికి ముందే కారం, పోపు దినుసులు భద్రం

రోహిణి కార్తె ఎండలు ఉండగానే ఈ పని ముగించాలి. మృగశిర వచ్చి గాలిలో తేమ పెరిగాక ఎండబెడితే, పగలు ఎండిన మిర్చి రాత్రికి మళ్లీ మెత్తబడుతుంది.

మరకు పంపే ముందు నాలుగు కాయలు విరిచి చూడండి. పుటుక్కున విరగాలి, ఊపితే గింజ గలగలలాడాలి. పైకి ఎండినట్టే ఉన్నా తొడిమ దగ్గర పచ్చి మిగిలితే బూజు అక్కడే మొదలవుతుంది. లోపల బూడిదరంగు నూగు కనిపించిన కాయలు ఏరి పారేయండి. కొన్ని రకాల బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వంట వేడికి పోదు.

మర నుంచి కారం వేడిగా వస్తుంది. ఇంటికి రాగానే డబ్బాలో పోసి మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి, తిరిగి కారంలోకే దిగి ఉండలు కడుతుంది. నీడలో గుడ్డ మీద పల్చగా పరిచి, పూర్తిగా చల్లారాకే ఎత్తండి. ఎండలో పరిస్తే ఎరుపు వెలుస్తుంది. పసుపుకూ ఇదే భయం, కొమ్ములుగానే ఉంచుకుని కాస్త కాస్త పొడి చేయించుకోవడం మేలు.

ఏడాది కారం జాడీలోనో గాజు సీసాలోనో పోసి, వెలుతురు తగలని చోట పెట్టండి. అందులోంచి నెలకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకోండి. జాడీ రోజూ తెరవకూడదు, తడి గరిటె అసలే పెట్టకూడదు. చాలా ఇళ్లలో కారం చెడేది వాన వల్ల కాదు, మరిగే కూర మీద డబ్బా వంచి చల్లడం వల్ల. స్పూనుతో తీసి వేస్తే చాలు.

పురుగు బాధ ఎక్కువ ధనియాలకే. గింజకు సూది మొనంత రంధ్రం, డబ్బా అడుగున సన్నని పొడి కనిపిస్తే పురుగు చేరినట్టే. ఇంగువ ముక్క వేస్తే పురుగు రాదంటారు గానీ, లోపల ఉన్న గుడ్లను అది చంపదు. పురుగు లేని ధనియాలను గాలి చొరని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచండి. బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పవద్దు, విప్పితే చల్లని గింజలకు చెమ్మ పడుతుంది. ఆవాలు, మెంతులకు ఇంత హడావిడి అక్కర్లేదు, రెండెండలు చూపిస్తే సరి.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు కారుతుంది. కోస్తాలో వానాకాలమంతా అది మామూలే. మూత వదులుగా ఉండే డబ్బాలో ఉప్పు కలిపిన కారం పోయకండి.

ఇన్ని చేసినా కారంలో బూజు కనిపిస్తే పైపొర తీసి అడుగుది వాడుకోవద్దు. డబ్బా మొత్తం పారబోసి, కడిగి, ఎండలో బోర్లించండి.