టోర్నమెంట్‌కు ముందు సాఫ్ట్‌బాల్ అంపైర్లకు జాగ్రత్తలు

అనంతపురంలో ఫీజు తీసుకుని అంపైరింగ్ చేసేవాళ్లు మైదానంలో దిగేముందు ఇవి చూసుకోండి.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై (బంతి పట్టినా, వదిలేసినా బ్యాటర్ ఔటయ్యే రూల్): రెండు ఔట్‌లు పడకముందు, ఫస్ట్, సెకండ్ బేస్‌లలో రన్నర్లున్నా, మూడూ నిండినా వర్తిస్తుంది. ఇన్‌ఫీల్డర్‌కు (బేస్‌ల దగ్గరి ఫీల్డర్‌కు) సులువుగా అందే ఫెయిర్ బంతి (ఫౌల్ గీతల లోపలి బంతి) పైనుండగానే ‘ఇన్‌ఫీల్డ్ ఫ్లై’ అని గట్టిగా అరవాలి. నోరు మెదపకుంటే ఫీల్డర్ కావాలని జారవిడిచి ఇద్దర్ని ఔట్ చేస్తాడు. బంట్‌కు (బ్యాట్ ఊపకుండా మెల్లగా తాకించిన బంతికి), లైన్ డ్రైవ్‌కు (పైకి లేవకుండా నేరుగా దూసుకెళ్లే బంతికి) ఈ రూల్ లేదు.

మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండే ఫీల్డర్) జారవిడిస్తే: ఫస్ట్ బేస్ ఖాళీగా ఉన్నా, రెండు ఔట్‌లు అయినా బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తొచ్చు. ఇక్కడ తొందరపడి ఔట్ అనకండి.

పిచింగ్ దూరం: హోమ్‌ప్లేట్ వెనక మొన నుంచి పిచర్ ప్లేట్ ముందంచు వరకు టేపు పట్టండి. మహిళలకు 43 అడుగులు, పురుషులకు 46. అడుగులేసి కొలిస్తే కుదరదు.

ప్రొటెస్ట్ (మీ తీర్పుపై జట్టు చెప్పే అభ్యంతరం): మీ కంటి అంచనాపై చెల్లదు, రూల్ తప్పితే చెల్లుతుంది. తర్వాతి పిచ్ పడకముందే వినండి.