అన్నం మానేశాక కూరలు తెచ్చిన గ్యాస్‌ని ఇలా దారికి తెచ్చుకున్నాను

మా బ్యాంకులో క్యాష్ కౌంటర్ అంటే మూడు వైపులా అద్దాలు, వెనక తలుపు, దానికి లోపలినుంచి గడి. ఒక మనిషి, ఒక కుర్చీ, ఒక నోట్ల మెషిన్. అన్నం మానేసిన రెండో వారంలో, అదీ పింఛన్లు పడ్డ రోజున, క్యూలో నలభై మంది నిలబడి ఉండగా నా కడుపులో గుడగుడ మొదలైంది. మెషిన్ గరగరమంటూ ఉంటుంది కాబట్టి చప్పుడు వరకూ బతికిపోయాను. వాసనకి మెషిన్ లేదు కదా. చిల్లర కోసం లోపలికి వచ్చిన అటెండర్ ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయాడు. ఏదైనా అన్నా బాగుండేది.

మాది తెనాలి. నాకు 53 ఏళ్లు. ఏడాదిన్నర కిందట మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 8.4 వచ్చింది. డాక్టరు గారు పిండిపదార్థాలు తగ్గించమన్నారు. నేను తగ్గించడమంటే పూర్తిగా మానేయడమే అనుకున్నాను. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు చెప్పిన, అన్నం పూర్తిగా మానేసే డైట్ మా వీధిలో చాలామంది చేశారు. అన్నం లేకుండా మనిషి బతకగలడన్న ధైర్యం నాకు అప్పుడే వచ్చింది. అందుకని పొద్దున ఇడ్లీ బదులు క్యాబేజీ ఉప్మా, మధ్యాహ్నం కాలీఫ్లవర్ తురిమి చేసిన 'అన్నం'లో గోరుచిక్కుడు కూర, సాయంత్రం మొలకలు, రాత్రి పుట్టగొడుగుల సూపు, పక్కన గిన్నెడు పచ్చి ఉల్లిపాయ సలాడ్.

ఒక్క మాట ముందే చెప్పాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం మానకండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే ఉంటే షుగర్ ఉన్నట్టుండి బాగా పడిపోతుంది.

నా తప్పేమిటో వంటింటి తూకం చెప్పింది. ఒకరోజు తినే కూరలన్నీ పచ్చివిగా ఉన్నప్పుడే తూచాను. 900 గ్రాములు! అంతకుముందు మా ఇంట్లో మనిషికి 150 గ్రాములు దాటేది కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమంటారు. ఆ లెక్కకి రెండింతలు పైగా నేను రాత్రికి రాత్రే ఎక్కేశాను. అందులోనూ ఏరికోరి గ్యాస్ పుట్టించేవే.

ఎందుకు పుడుతుందంటే, క్యాబేజీ, చిక్కుడు జాతి కూరల్లో రాఫినోజ్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అది అలాగే పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ కాపురముండే బ్యాక్టీరియాకి పెళ్లి భోజనం. అవి తిని హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతాయి. వీటిలో దేనికీ వాసన ఉండదు. కంపంతా గంధకానిది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, కోడిగుడ్డు, అన్నిట్లోనూ గంధకం ఉంది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండేది ఫ్రక్టాన్ అనే ఇంకో రకం. దాన్నీ మనం అరిగించుకోలేం. పుట్టగొడుగుల్లో, కాలీఫ్లవర్‌లో మానిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అదీ ఇదే దారి. అంటే నా రాత్రి భోజనం మొత్తం బ్యాక్టీరియా కోసం వండిందే.

మరి ఏం చేయాలి? మొదట పరిమాణం తగ్గించండి. నేను మళ్లీ 200 గ్రాములకి దిగి, నాలుగు రోజులకొకసారి ఒక గరిటె చొప్పున పెంచుకుంటూ పోయాను. కడుపుకి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. ఈ లోపు ఆకలేస్తే గుడ్డు, చేప, పనీర్, గుప్పెడు వేరుశనగపప్పు తినండి. కూరతో కడుపు నింపుకోవాలని మాత్రం చూడకండి.

రెండోది, తిన్నదంతా ఒక పుస్తకంలో రాసుకోండి. ఇది చాలామంది చేయరు. అసలు కిటుకంతా దీనిలోనే ఉంది. మా అమ్మాయి పాత నోటుబుక్కులో మూడు గడులు గీశాను: ఏం తిన్నాను, ఎన్నింటికి, కడుపు ఎన్నింటికి ఉబ్బింది. మొదట్లో పదకొండింటికి గ్యాస్ వస్తే పొద్దున తిన్న ఉప్మా మీద కోపం వచ్చేది. తిన్నది పెద్దపేగు దాకా వెళ్లడానికి కొన్ని గంటలు పడుతుందని తర్వాత తెలిసింది. పదకొండింటి గ్యాస్‌కి రాత్రి సూపు కారణం కావచ్చు. అందుకని అనుమానం ఉన్న కూరలన్నీ పది రోజులు ఆపి, తర్వాత ఒక్కొక్కటే రెండేసి రోజులు తిని చూశాను. ఒక కూరకీ ఇంకో కూరకీ మధ్య ఒకరోజు ఖాళీ.

నా కడుపు చెప్పిన తీర్పు ఇది. కాలీఫ్లవర్, పచ్చి ఉల్లి, పుట్టగొడుగులు, పచ్చి మొలకలు పడవు. క్యాబేజీ ఉడికించి నీళ్లు వంచేస్తే పర్వాలేదు. బ్రోకలీ పువ్వు పర్వాలేదు, లావుపాటి కాడ వద్దు. మా ఆవిడకేమో కాలీఫ్లవర్ సుబ్బరంగా అరుగుతుంది, గ్లాసుడు పాలు తాగితే ఉబ్బుతుంది. ఆమెకి పడనిది పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర. కాబట్టి నా జాబితా మీకు పనికిరాదు, పద్ధతే పనికొస్తుంది.

ఇక వంట. పొద్దున స్కూలుకి పోయే తొందర మా ఆవిడది, కాబట్టి కూర నేనే వండుతాను. మా అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని అజమాయిషీ. "ఒరేయ్, గోరుచిక్కుడు వాతంరా, నీళ్లు వంచెయ్" అని ఆవిడ ముప్పై ఏళ్లుగా చెబుతోంది. నేను విటమిన్లు పోతాయని వాదించేవాణ్ని. తీరా చూస్తే రాఫినోజ్ నీళ్లలో కరుగుతుంది. ఆవిడ చెప్పిందే రైటు! కొంత విటమిన్ పోతే పోనివ్వండి. గోరుచిక్కుడు, క్యాబేజీ ఉప్పేసిన నీళ్లలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, చిల్లుల గిన్నెలో వంచేసి, చల్లారాక పిండి, అప్పుడు తాలింపులో వేస్తాను. రుచి ఏమీ తగ్గదు. వేపుడైతే ఇంకా పొడిపొడిగా వస్తుంది.

వెల్లుల్లి లేకుండా గుంటూరు జిల్లా వాడు కూర తినలేడు. దానికో దారి ఉంది. ఫ్రక్టాన్ నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. ఉత్త నూనెలో నాలుగు రెబ్బలు చితక్కుండా ఎర్రగా వేయించి, రెబ్బలు తీసేసి, అప్పుడు కూర వేయండి. వాసన నూనెలో ఉండిపోతుంది, గ్యాస్ రెబ్బలతో బయటికి పోతుంది. కూర వేశాక వెల్లుల్లి వేస్తే మాత్రం కూరలోని నీటిలోకి ఫ్రక్టాన్ దిగుతుంది. ఉల్లి బదులు ఉల్లికాడల పచ్చటి భాగం వాడండి, కింది తెల్లటి భాగం వద్దు. కూర చిక్కబడడానికి ఉల్లి ముద్ద స్థానంలో నువ్వుల పొడి గానీ పచ్చికొబ్బరి గానీ వేస్తున్నాను.

రోజూ తినడానికి మన తీగ కూరలే మేలు. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ, దొండకాయ, కాకరకాయ, దోసకాయ. వీటితోపాటు వంకాయ, తోటకూర, పాలకూర, మెంతికూర. అన్నిట్లోనూ పిండి తక్కువే. షుగర్ డైట్ అనగానే బజార్లో బ్రోకలీ కోసం వెతికాను గానీ, మా పెరటి పాదుకి రాయి కట్టుకుని వేలాడుతున్న పొట్లకాయ నా కంటికి ఆనలేదు. ఇప్పుడు వారంలో రెండు రోజులు నువ్వుల పొడి చల్లిన పొట్లకాయ కూరే.

ఇన్ని చేశాక కూడా నాకు సగం గ్యాస్ మిగిలింది. ఆ సగం కూరలది కాదు. ఒకటి, షుగర్‌ఫ్రీ బిస్కెట్లు. పెట్టె వెనక సార్బిటాల్, మాల్టిటాల్ అని రాసి ఉంటే అవీ అరక్కుండా పెద్దపేగుకే పోతాయి. రెండోది నేనసలు ఊహించనిది, నా షుగర్ మాత్ర. అందులో వోగ్లిబోస్ కలిసి ఉంది. పిండిపదార్థం చిన్నపేగులో త్వరగా అరగకుండా ఆపడమే దాని పని. అరగనిది కిందికి దిగితే గ్యాసే. మెట్‌ఫార్మిన్‌తో కూడా కొందరికి, ముఖ్యంగా మొదటి వారాల్లో, కడుపు ఉబ్బుతుంది. నోటుబుక్కు చూపించి అడిగితే డాక్టరు గారు మాత్ర మార్చారు. మీరు సొంతంగా మానేయకండి, అడగండి. మూడోది, తినే వేగం. లంచ్ పది నిమిషాల్లో ముగించి కౌంటర్‌కి పరిగెత్తేవాణ్ని. ముద్దతోపాటు గాలి కూడా మింగుతామట. అది తేన్పుల రూపంలో పైకి వస్తుంది.

మలబద్ధకం ఉంటే పై పద్ధతులు అంతగా పనిచేయవు. పుట్టిన గ్యాస్ దారి దొరక్క తిరుగుతూ ఉంటుంది. నీళ్లు తాగండి, తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. ఉబ్బరం మరీ ఎక్కువైతే వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకి హత్తుకోండి. దీని పేరే పవనముక్తాసనం, పేరుకి తగ్గట్టే పనిచేస్తుంది, అయితే గదిలో ఒక్కరే ఉన్నప్పుడు చేయండి. మజ్జిగలో చిటికెడు ఇంగువ, చివర్లో కాస్త వాము నమలడం నాకు హాయినిస్తాయి. శాస్త్రం ఎంతో, మా అమ్మ మీద నమ్మకం ఎంతో విడదీసి చెప్పలేను.

మందుల షాపులో 'గ్యాస్ టాబ్లెట్' అనగానే ఇచ్చేది చాలాసార్లు పాంటోప్రజోలే. అది కడుపులో ఆమ్లం తగ్గించే మందు. గుండెల్లో మంటకి పనికొస్తుంది గానీ పేగుల్లో పుట్టే గ్యాస్‌ని ఆపదు. నేను అది రెండు నెలలు ఊరికే మింగాను. ఇంకో మాట. మనవైపు ఛాతీలో నొప్పి వస్తే 'గ్యాస్ పట్టేసింది' అని సోడా తాగి పడుకుంటాం. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు కూడా. ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగడం ఉంటే వాము నమలుతూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. అలాగే విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులు, ఆగని కడుపునొప్పి ఉన్నా ఈ చిట్కాలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికే.

ఆ మధ్య చేయించిన పరీక్షలో మూడు నెలల షుగర్ 6.9 వచ్చింది. కూరలు 450 గ్రాముల దగ్గర నిలిచాయి. గ్యాస్ పూర్తిగా పోలేదు, పోదు కూడా. రోజుకి పది పదిహేను సార్లు పోవడం ఆరోగ్యవంతుడికీ మామూలే. కాలీఫ్లవర్ మీద ఇష్టం కూడా పోలేదు. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకి సెలవు కాబట్టి, ముందురోజు రాత్రి జీడిపప్పు వేసి దర్జాగా వేయించుకుంటాను. మా ఆవిడ ఆ రాత్రి హాల్లో పడుకుంటుంది.